మావయ్య, అయస్కాంతం, నాలుగు రోజుల వైజాగ్

శుక్రవారం రాత్రి, రైల్లో

గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సైడ్ అప్పర్ దొరికింది, అంటే నిద్ర లేదని అర్థం, అందుకే ఫోన్‌లో ఇది టైప్ చేస్తున్నా. వైజాగ్‌లో బీచ్ రోడ్డు మీద ఒక పాత బంగళాలో స్టిల్ లైఫ్ పెయింటింగ్‌లూ, గాజు-లోహం శిల్పాలూ కలిపి ప్రదర్శన పెట్టారని మా ఆదివారం డ్రాయింగ్ క్లాస్ గ్రూపులో ఎవరో ఫొటోలు పెట్టారు. రెండేళ్లుగా ఆ క్లాసుకి వెళ్తున్నా, యాపిల్ వేస్తా, అరటిపండు వేస్తా, స్టీల్ గ్లాసు వేస్తే మాత్రం ప్రతిసారీ సిమెంటు గొట్టంలా వస్తుంది. ఆ ఫొటోల్లో ఒక స్టీల్ చెంబు ఉంది, అది చూసి కుళ్లొచ్చి మంగళవారం దాకా లీవు పెట్టేశాను. ఆఫీసులో మాత్రం మా మావయ్యకి ఒంట్లో బాలేదని చెప్పా. (మావయ్యా, నువ్వు ఇది చదువుతుంటే సారీ.)

శనివారం

తెల్లారుజామున దువ్వాడలో దిగేసరికి మావయ్య ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉన్నాడు, మంకీ క్యాప్‌తో, వైజాగ్‌లో మంకీ క్యాప్ ఏంటో నాకు ఎప్పటికీ అర్థం కాదు. "ఏ బండికొచ్చీసేవే, గోదావరికా? నేను ఇరవయ్యేడేళ్లు గోదావరి దగ్గరే ఉన్నాను, ఒక్కసారీ వేడి తగ్గలేదు" అన్నాడు. ఈ జోకు తెలియని వాళ్లకి చెప్పాలి, స్టీల్ ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫర్నేసులకి, అంటే ఇనుము కరిగించే పెద్ద కొలిములకి, పేర్లు పెట్టారు, మొదటిది గోదావరి, రెండోది కృష్ణ, తర్వాత కట్టిన మూడోది అన్నపూర్ణ. మావయ్య గోదావరి వెలిగించిన 1990లో చేరి అక్కడే రిటైర్ అయ్యాడు. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని 1966లో గొడవలు జరిగేటప్పుడు తను మూడో క్లాసు, బడి లేదని సంతోషించాడంట, అంతకు మించి గుర్తు లేదంటాడు.

గాజువాకలో ఇల్లు. అత్త ఇడ్లీ, అల్లం పచ్చడి పెట్టింది, తినీసి పడుకుందామంటే మావయ్య నన్ను స్టీల్ సామాన్ల కొట్టుకి లాక్కెళ్లాడు, అత్తకి ఒక డబ్బా కొనాలని. అక్కడ జేబులోంచి ఒక గుండ్రటి అయస్కాంతం తీశాడు, పాత స్పీకర్‌లోంచి పీకింది, కీ చెయిన్‌కి వేలాడుతుంది. ప్రతి డబ్బాకీ అంటించి చూస్తాడు. "గట్టిగా పట్టిందంటే ఇది 304 కాదు. పట్టకపోతే మంచిదని గ్యారంటీ లేదనుకో, కానీ గట్టిగా పడితే మాత్రం కాదు" అన్నాడు. 304 అంటే 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న స్టెయిన్‌లెస్ స్టీల్, ఆ నికెల్ వల్లే అయస్కాంతం పట్టదంట. కొట్టువాడికి మావయ్య బాగా తెలుసనుకుంటా, మమ్మల్ని చూడగానే లోపలికి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఒక్కదాన్నే బస్సెక్కి ప్రదర్శనకి వెళ్లా.

చెంబు ముందు నలభై నిమిషాలు నిలబడ్డాను, అతిశయోక్తి కాదు, వాచ్‌మేన్ వచ్చి "ఏటమ్మా, పర్లేదా" అని అడిగాడు. మూడడుగుల కాన్వాసు, నూనె రంగులు, స్టీల్ చెంబు, పక్కన మూడు కలెక్టర్ మామిడికాయలు, కింద నీలం గళ్ల లుంగీ గుడ్డ. దూరం నుంచి చెంబు తళతళా మెరుస్తుంది. దగ్గరికి వెళ్తే చెంబే లేదు! ఒక బూడిదరంగు పట్టీ, దాని పక్కన ఇటుకరంగు, మామిడి పసుపు వంకరగా సాగిన ఒక చార, లుంగీ నీలం రెండు చుక్కలు, పైన ఒక్కచోట గట్టిగా పెట్టిన తెలుపు, అంతే. ఆరడుగులు వెనక్కొస్తే మళ్లీ చెంబు. వెండిరంగు అనేది ఎక్కడా లేదు. నేను రెండేళ్లుగా ట్యూబులో వెండిరంగు కొంటున్నా, పైగా ఖరీదెక్కువ.

వేసినావిడ అక్కడే ఉంది, పాతికేళ్లుంటాయేమో. అడిగితే చెప్పింది, పొద్దున్న తొమ్మిది నుంచి పదకొండు దాకానే వేస్తుందంట, అదీ ఉత్తరం కిటికీ దగ్గర. "మన ఊళ్లో సముద్రం తూర్పునుంది కదండీ, అటు కిటికీ తీస్తే ఎండ సూటిగా మీద పడిపోద్ది, చెంబంతా తెల్లగా కాలిపోయినట్టు అయిపోద్ది, నీడలే ఉండవు" అంది. పదకొండు దాటితే మర్నాడే. మామిడికాయలు ముగ్గిపోయి రంగు మారిపోతే కొత్తవి తెచ్చి అదే ముచిక అదే వైపు ఉండేలా పెడుతుంది, మొత్తం పదకొండు కాయలు అయ్యాయంట, ఇంట్లో అందరికీ మామిడిపండంటే విరక్తి వచ్చేసిందంట.

మిగతా బొమ్మల్లో నాకు నచ్చినవి పళ్లూ పువ్వులూ లేనివి. ఒకదాంట్లో మందుబిళ్లల షీట్లు, సగం బిళ్లలు తీసేసినవి, ఆ చిరిగిన రేకు మెరుపు, పక్కన ఫోన్ చార్జర్ వైరు, కరివేపాకు ఉన్న ప్లాస్టిక్ కవరు. అదొక ముసలావిడ మంచం పక్కన బల్ల అని మనిషి లేకుండానే తెలిసిపోతుంది. స్టిల్ లైఫ్‌ని తెలుగులో నిశ్చల చిత్రం అంటారు కానీ నాకు ఆ మాట కొంచెం తేడాగా ఉంటుంది, ఆ బల్ల మీద నిశ్చలంగా ఏదీ లేదు, ఇప్పుడే ఎవరో లేచి బాత్రూంకి వెళ్లినట్టుంది. స్టీల్ సామాన్లనే పట్టుకుని బొమ్మలూ వేసి, వాటినే గుట్టలుగా పేర్చి పెద్ద పెద్ద శిల్పాలూ చేసిన సుబోధ్ గుప్తా గుర్తొచ్చాడు, బిహార్ ఆయన, 2006లో బకెట్లూ గిన్నెలూ కలిపి ఏకంగా ఒక పెద్ద పుర్రె చేశాడు. మన వంటింటి అటక దించితే మనమూ చెయ్యొచ్చు అనిపిస్తుంది, చెయ్యలేం అనుకోండి.

వస్తూ వస్తూ దారిలో ఫుట్‌పాత్ మీద ఒకతను గాజు బొమ్మలు అమ్ముతుంటే నీలం చేప ఒకటి కొన్నా, మూడొందల యాభై. ఇంటికొచ్చి ఫ్రిజ్ మీద పెట్టా. రాత్రి పన్నెండింటికి హాల్లో 'టిక్' అని శబ్దం, బల్లి అనుకున్నాం.

ఆదివారం

బల్లి కాదు. చేప తోక ఊడి పక్కన పడుంది. ఎవరూ ముట్టుకోలేదు, గాలి లేదు, పిల్లి లేదు. అత్త దిష్టి అంది. మావయ్య ముక్క పట్టుకుని వెలుతుర్లో తిప్పి చూసి "దీన్ని సరిగ్గా చల్లార్చలేదే" అని జేబులో వేసుకున్నాడు. రేపు ఒకడి దగ్గరికి తీసుకెళ్తా అన్నాడు.

కారులో భీమిలి. బీచ్ రోడ్డు మీద కుర్సురా కనపడగానే మావయ్య స్లో చేసి "మీ శిల్పాలేటే, ఇది చూడు శిల్పం, 91 మీటర్లు" అన్నాడు. 1969 నుంచి 2001 దాకా నీళ్లలో తిరిగిన జలాంతర్గామి అది, ఇసకలోకి లాగి మ్యూజియం చేశారు. ఉప్పుగాలిలో దానికి రంగులు వేస్తూనే ఉండాలి, ఆపితే తుప్పు తినేస్తుంది, మావయ్య దృష్టిలో ఇనుముతో ఏం చేసినా అసలు కథ తర్వాత మొదలవుద్ది.

రుషికొండ దాటాక ఎర్రమట్టి దిబ్బలు. దిగి చూశాం, ఎండలో ఆ ఎరుపు కళ్లలో గుచ్చుతుంది. నేను నోరు జారి, ఈ ఎరుపు ఐరన్ ఆక్సైడ్ మావయ్యా, నేను వాడే బర్న్ట్ సియెనా, ఇండియన్ రెడ్, ఎల్లో ఓకర్, అన్నిట్లో ఇదే ఉంటుంది అన్నాను. ఇంక చూడాలి. "అంటే మీ రంగుల్లో కూడా ఇనుమేనా!" అని దారి పొడుగునా అదే మాట. అయస్కాంతం తీయబోతే ఇక్కడ మట్టి ముట్టుకోకూడదు, ప్రొటెక్టెడ్ అని ఆపా. భీమిలి బీచ్‌లో మాత్రం ఆగలేదు, ఇసకలో నల్ల చారలుంటాయి కదా, అందులో అయస్కాంతం దొర్లిస్తే నల్లపొడి మీసాలొచ్చినట్టు నిక్కబొడుచుకుంది. మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం అది, ఇల్మనైటూ గార్నెట్టూ అనే ఖనిజాలు కూడా ఉంటాయి ఆ ఇసకలో. పక్కన ఆడుకునే పిల్లలు వచ్చి చేరారు, అరగంట అక్కడే.

నేను వచ్చింది డచ్చివాళ్ల సమాధుల కోసం. గుడ్డల వ్యాపారానికి 17వ శతాబ్దంలో వచ్చి ఇక్కడ కోట కట్టుకుని, చివరికి 1825లో ఇంగ్లీషువాళ్లకి అప్పజెప్పి పోయారు. సమాధులు పొడుగ్గా, పైన కోసుగా, గోపురాల్లా ఉన్నాయి, పేర్లు చదవలేకపోయా, అక్షరాలు అరిగిపోయాయి. ఎందుకు చూడాలనుకున్నానంటే, సరిగ్గా వీళ్లు ఇక్కడ సముద్రగాలికి చెమటలు కక్కుతున్న రోజుల్లోనే అక్కడ వాళ్ల దేశంలో విల్లెం కాల్ఫ్, పీటర్ క్లాస్, విల్లెం హెడా లాంటి వాళ్లు స్టిల్ లైఫ్‌ని ఒక ఊపు ఊపేశారు. వాళ్ల బల్లల మీద ఏముంటాయి? వెండి పళ్లెం, పచ్చటి గాజు గ్లాసు, ఆ గ్లాసు మీద కిటికీ ప్రతిబింబం చిన్నగా, తొక్క సగం ఒలిచిన నిమ్మకాయ, కొన్నిట్లో కాగితం పొట్లంలోంచి ఒలికిన మిరియాలు. ఆ పొట్లం అచ్చం మన కిరాణా కొట్టు పొట్లమే, పాత పుస్తకం కాగితం చుట్టి. మిరియాలు ఓడల్లో ఆసియా నుంచి వెళ్లినవి. ఆ బొమ్మల్ని పుస్తకాల్లో ఎన్నిసార్లో చూశా, గాజూ లోహం ఎలా వేశారా అనే తప్ప ఆ సరుకు ఎక్కణ్ణుంచి వచ్చిందని ఎప్పుడూ అనుకోలేదు. తెచ్చేవాళ్లలో కొందరు ఇదిగో ఇక్కడ, మేకలు తిరుగుతున్న గడ్డిలో ఉన్నారు.

మావయ్య ఈ సోదంతా విని "ఆకలేస్తంది" అన్నాడు.

మధ్యాహ్నం తర్వాత తనని ప్రదర్శనకి తీసుకెళ్లా. పెయింటింగ్‌లు నాలుగు నిమిషాల్లో అయిపోయాయి. శిల్పాల గదిలోకి రాగానే నడక మారిపోయింది, చేతులు వెనక్కి కట్టుకుని, షిఫ్ట్‌లో ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినట్టు.

మధ్యలో పెద్దది, స్టెయిన్‌లెస్ తీగలతో అల్లిన చేపల వల, పైకప్పు నుంచి వేలాడుతుంది, వల కన్నుల్లో నీలం, పచ్చ గాజు బిందువులు. అందరూ ఫోన్‌లు పైకెత్తి గాజుని ఫొటో తీస్తున్నారు, మావయ్య ఒక్కడే వంగి తీగల అతుకులు చూస్తున్నాడు. "ఇదిగో ఈ అతుకు పెద్దోడు వేశాడు, ఇది కుర్రాడు వేశాడు" అన్నాడు. ఎలా తెలుసు అంటే చూపించాడు, ఒక చోట వెల్డ్ మీద అలలు, చేప పొలుసుల్లా, అన్నీ ఒకే దూరంలో, టిగ్ అనే కరెంటు వెల్డింగ్‌లో చెయ్యి వణక్కుండా ఒకే వేగంతో జరిగితేనే అలా వస్తాయంట. పక్క దాంట్లో అలలు ఒకటి లావు ఒకటి సన్నం. ఆ తర్వాత నాకు గాజు కనిపిస్తే ఒట్టు, గదంతా అతుకులే.

అతుకుల చుట్టూ రంగులున్నాయి, లేత గడ్డిరంగు, తర్వాత గోధుమ, ఊదా, నీలం, వరసగా. కింద కాగితంలో 'వేడి గీసిన ఇంద్రధనుస్సు' అని ఏదో రాశారు. మావయ్యకి నచ్చలేదు. వేడికి పైన ఆక్సైడ్ పొర మందం పెరిగేకొద్దీ అలా రంగులు మారతాయి, నిజమే, చూడ్డానికి బానే ఉంటది, కానీ ఆ పొర కింద స్టీల్‌లో క్రోమియం తగ్గిపోద్ది, అక్కణ్ణుంచే తుప్పు మొదలవుద్ది, పికిలింగ్ పేస్ట్ అని యాసిడ్ ముద్ద ఉంటది, అది పూసి కడిగేయాలి, ఇదీ తన వాదన. నేనేమో కడిగేస్తే ఆ అందం పోతుందిగా అని. "పోతే పోద్ది! సముద్రం పక్కనెట్టి ఏటి ఈ సోకు" అని గట్టిగా అన్నాడు, జనం తిరిగి చూశారు. ఆయన చెప్పినదాంట్లో సగం నాకు ఒప్పే, సగం ఇప్పటికీ కాదు. రంగు కోసమే వదిలేసినవాడికి తుప్పు సంగతి తెలీదని ఎలా అనుకుంటాం?

వరండాలో పెట్టిన పనసకాయ శిల్పం దగ్గర మాత్రం మావయ్యే గెలిచాడు. స్టీల్ ముళ్లతో బుర్రంత కాయ, ముళ్ల మొదళ్లలో టీ డికాషన్ ఒలికినట్టు గోధుమ మరకలు. ఒకావిడ వాళ్లబ్బాయికి చూడరా పనస తొన రంగు ఎంత బాగా తెచ్చారో అని చూపిస్తోంది. మావయ్య నా చెవిలో "టీ స్టెయినింగ్, తుప్పు మరకలే. ఉప్పుగాలికి 304కి వస్తది. 316 రకం స్టీల్ వాడుండాలి, అందులో మాలిబ్డినం ఉంటది" అని, చటుక్కున అయస్కాంతం తీసి కాయకి ఆనించాడు. పట్టలేదు. వాచ్‌మేన్ మాత్రం వెంటనే పట్టుకున్నాడు. "పెద్దాయనా, ముట్టుకోకూడదని రాసుందా లేదా!" నేను సారీలు చెప్పి లాక్కొచ్చా. బయటికొచ్చాక కూడా ఒకటే గొణుగుడు, "304 ఏనే, చెప్పలా".

ఇంకో మాట, శిల్పాలంటే వైజాగ్‌లో రవీందర్ రెడ్డి గారి పేరు వస్తుంది ఎవరిని అడిగినా, పెద్ద పెద్ద కళ్లు, కొప్పు నిండా పూలు, బంగారు పూత, ఫైబర్‌గ్లాస్‌తో చేసిన ఆడవాళ్ల తలలు, ఆంధ్రా యూనివర్సిటీలోనే పాఠాలు చెప్పారు. ఆయనవి ఇక్కడ లేవు. ఇంత దూరం వచ్చి అవి చూడలేదని కొంచెం వెలితి.

సోమవారం

ఆటోనగర్ వెనక సందులో చిన్న షెడ్డు. కాలేజీ ల్యాబులకి గాజు సామాను చేసే ఆయన, మావయ్యకి పాత పరిచయం. బల్ల మీద బర్నర్, గ్యాసూ ఆక్సిజనూ కలిపి మంట, చేతిలో గాజు గొట్టం తిప్పుతూనే ఉంటాడు, ఆపితే వేడెక్కిన చోట జారిపోద్ది. గాజు వేడెక్కగానే మంట పసుపుగా భగ్గుమంటుంది, సోడియం వల్ల, ఆ పసుపులో ఏమీ కనపడదు. ఆయన కళ్లజోడు లేత ఊదారంగులో ఉంది, అది పెట్టుకుని చూస్తే పసుపు మంట మాయం, గాజు ఒక్కటే ఎర్రగా మెత్తగా కదులుతుంది. డిడీమియం అద్దాలంట. నాకు పెట్టి తీసి పెట్టి తీసి చూపించాడు, ఆ రెండు నిమిషాల కోసం ఈ ట్రిప్ మొత్తం ఇంకోసారి చేస్తా.

మావయ్య జేబులోంచి చేప ముక్కలు తీశాడు. ఆయన నవ్వి, లాప్‌టాప్‌లో తెల్ల స్క్రీన్ పెట్టి, "గురూగారూ, మీ కూలింగ్ గ్లాసెస్ ఇలా ఇవ్వండి" అని మావయ్య నల్లకళ్లజోడు తీసుకున్నాడు, అది పోలరైజ్డ్ రకం. స్క్రీన్‌కి అడ్డంగా కళ్లజోడు తిప్పితే ఒక కోణంలో స్క్రీన్ నల్లబడిపోయింది. ఇప్పుడు మధ్యలో చేప ముక్క పెట్టాడు. నల్లటి దాంట్లో చేప వెలిగింది! పొట్ట చుట్టూ పసుపు, నారింజ, ఆకుపచ్చ పట్టీలు, తోక తెగిన చోట అన్నీ ఇరుగ్గా ముడుచుకుని. గాజు లోపల బిగువున్న చోటల్లా అలా రంగు తేలుతుందంట. పైన తొందరగా చల్లారి గట్టిపడి, లోపల ఇంకా వేడిగా ఉంటే ఆ లాగులాట అందులోనే ఉండిపోద్ది. అందుకే చేసిన వెంటనే కొలిమిలో, మామూలు గాజైతే 550 డిగ్రీలకి కాస్త ఇటూ అటూగా ఉంచి, మెల్లగా గంటల తరబడి దించాలి. నా చేపకి ఆ ఓపిక ఎవరూ పెట్టలేదు. తను చేసిన గొట్టం పెట్టి చూపించాడు, ఏ రంగూ లేదు, నల్లగా ఉంది.

వలలో గాజు బిందువులు తీగకి ఎలా అతికించారని అడిగా. "అతికించరమ్మా, అతికిస్తే పగుల్తాది" అన్నాడు. మీటరు స్టెయిన్‌లెస్ కడ్డీ వంద డిగ్రీలు వేడెక్కితే 1.7 మిల్లీమీటర్లు సాగుతుంది, ఈ ల్యాబు గాజు, బోరోసిలికేట్, మీటర్‌కి మిల్లీమీటర్‌లో మూడో వంతే. ఒకటి సాగుతుంటే ఇంకోటి రానంటుంది. అందుకని మధ్యలో సందు వదిలి సిలికానో రబ్బరో పెడతారు. నిన్న చూసింది గుర్తొచ్చింది, ప్రతి బిందువు మెడ దగ్గరా సన్నటి తెల్ల ఉంగరం, అలంకారం అనుకున్నా.

మావయ్య అప్పటిదాకా బుద్ధిగా ఉండి, మూలనున్న కిటికీ అద్దం ముక్క పక్కనుంచి చూసి ఇది పచ్చగా ఉందేటి అన్నాడు. ఇసకలో ఉండే ఇనుము వల్ల అన్నాడాయన.

అంతే. ఇంటికొచ్చేదాకా ఒకటే పాట, రంగులో ఇనుము, గాజులో ఇనుము, మీ కళలన్నీ మా ప్లాంటు దయే అని. భీమిలి ఇసకతో గాజు చేస్తే ఎలా ఉంటదని కూడా అడిగాడు. సీసాలోంచి అవతలి మనిషి కనపడడు అన్నాడు ఆయన.

మంగళవారం

ఎక్కడికీ వెళ్లలేదు. ఉత్తరం వైపు వంటింటి కిటికీ, అత్త చెంబు, రెండు నిమ్మకాయలు, కింద మావయ్య లుంగీ (గళ్లది దొరకలేదు, చారలది). వెండిరంగు ట్యూబు బ్యాగులోంచి తియ్యలేదు. చెంబుని చూడకుండా, చెంబులో ఏం కనపడుతుందో అదే వేశా: కిటికీ ఊచలు వంకరగా, గ్యాస్ సిలిండర్ ఎరుపు సన్నగా సాగి, నిమ్మకాయ పసుపు అడుగున బొట్టులా, మధ్యలో నేను, మరుగుజ్జులా. అత్తకి పోపు పెట్టుకోవడానికి ప్రతి పది నిమిషాలకీ చెంబు కావాల్సొచ్చేది, మళ్లీ పెట్టేటప్పుడు సొట్ట అటు తిరిగిపోయేది. పదకొండు దాటిపోయింది, పన్నెండైంది, వెలుతురు మారిపోయింది, కుడివైపు పూర్తి కాలేదు. అయినా ఆరడుగులు వెనక్కెళ్తే ఎడమ సగం చెంబులాగే ఉంది. నిజంగా.

సాయంత్రం బండికి టైమవుతుంటే మావయ్య వచ్చి చూశాడు. చాలాసేపు ఏమీ అనలేదు. సిలిండర్ ఎరుపు దేంతో వేశావు అన్నాడు, ఇండియన్ రెడ్ అన్నాను. తల ఊపి, రంగు ఆరిందో లేదో వేలితో చూసి, కీ చెయిన్ తీసి చెంబు మీద ఆనించి వదిలాడు. జారి కింద పడింది.

"304 ఏ" అన్నాడు.